పక్కన పెట్టిన ఓట్లు

ఏడు ఓట్లు గాజు గుండు కింద బోర్లా పడుకుని ఉన్నాయి. పై ఆఫీసుని అడిగి వస్తాను, అప్పటిదాకా ఎవరూ వాటిని ముట్టుకోవద్దని చెప్పి ఎన్నికల అధికారి ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు అక్కడే అటూ ఇటూ తిరుగుతున్నాడు, కిటికీ చువ్వల్లోంచి ఒకసారి అతని తల కనిపిస్తుంది, ఒకసారి ఫోను పట్టుకున్న చెయ్యి కనిపిస్తుంది. అవతల ఎవరూ ఎత్తడం లేదనుకుంటా. ఎత్తకపోతే పోనీ, నాకేం తొందర, అనుకుందామని చూస్తాను కానీ కాళ్ళు ఊరుకోవు, ఈ చిన్నపిల్లల బెంచీ కింద మడమలు రెండూ వాటంతట అవే తాళం వేస్తున్నాయి. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఎదురుగా ఇంకో చిన్న బెంచీ మీద విత్తనాల కొట్టు యజమాని కూర్చున్నాడు, అతని మోకాళ్ళదీ అదే అవస్థ. ఈ వార్డుకి పోటీ మేమిద్దరమే. తప్పు చేసి మాస్టారి కోసం ఎదురుచూస్తున్న పిల్లల్లా ఉన్నాం ఇద్దరమూ. తేలిన లెక్కలో అతను నాకంటే మూడు ఓట్లు ముందున్నాడు. ఆ ఏడూ నా గొడుగు గుర్తు మీద ముద్ర పడినవే, శుభ్రంగా, గడి దాటకుండా పడినవే, కానీ వాటి మీద ఎవరెవరో పెన్నుతో ఏదో రాశారట. ముద్ర తప్ప ఇంకే రాతా ఉండకూడదని రూలట. అవి చెల్లితే కౌన్సిల్లో నేను కూర్చుంటాను, చెల్లకపోతే అతను కూర్చుంటాడు. ఇంతోటి సంగతి చెప్పడానికి పై ఆఫీసుకి ఇంతసేపా.

ఏం రాశారో నాకు చూపించలేదు. మా ఆడపడుచు నా తరఫు ఏజెంటు, టేబులు దగ్గరే నిలబడి కొంగలా మెడ చాచింది కానీ అధికారి అరచెయ్యి అడ్డం పెట్టేశాడు. ఏం రాసి ఉంటారు, తిట్లే రాసి ఉంటారు. చేతిలో పెన్నూ, ముందు కాగితమూ, చుట్టూ అట్టగోడలూ ఉంటే మనిషికి తిట్టు తప్ప ఏం తోస్తుంది, బస్టాండు గోడల మీద ఇన్నేళ్ళూ చదవలేదూ. మరి తిట్టేవాడు ముద్ర నా గొడుగు మీదెందుకు వేస్తాడు? ఏమో, తిట్టి మరీ పెట్టేవాళ్ళు ఉంటారు లోకంలో, మా ఆడపడుచు లేదూ. బాబూ, ఒక్క ముక్క చెప్పు, అందులో ఏముంది, అని అడగబోయి నోరు తెరిచాను కూడా. నాలుక కదిలింది. గొంతు దాకా వచ్చిన మాటని వెనక్కి మింగేశాను. గొంతు డాక్టరు అంత గట్టిగా చెప్పాడు, మాట వద్దు, దగ్గు వద్దు, గుసగుస అసలే వద్దు, గుసగుస మాటకంటే చెడ్డది అన్నాడు. గింజంత బుడిపె కోసి తీసినచోట మానేదాకా నేను నోరున్న మూగదాన్ని. ఇంకో వారం ఉంది.

నాకే రావాలా ఈ జబ్బు అని మొదటిరోజుల్లో ఏడుపొచ్చేది. బస్టాండులో మైకు ముందు కూర్చుని నల్లజుట్టు తెల్లజుట్టు చేసుకున్నదాన్ని. ప్రయాణికులకు విజ్ఞప్తి, పైవూళ్ళకు వెళ్ళు బస్సు రెండవ నంబరు ప్లాట్‌ఫారంలో సిద్ధముగా ఉన్నది. ఇంట్లో కూడా అలాగే పిలిచేదాన్నట, అన్నం సిద్ధముగా ఉన్నది అని, మా ఆయన చెప్పి నవ్వుతాడు. నవ్వుతాడు అంటే శబ్దం రాదు, భుజాలు కదులుతాయి, అంతే. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు, మాట్లాడితే దారి తప్పుతానేమో అన్నట్టు బతికాడు మనిషి. ఇన్నేళ్ళూ ఈయనకి మాటలు రావనుకున్నాను. ఈ నెలలో నేను నోరు మూసుకున్నాక తెలిసింది, ఈయన చాలా మాట్లాడతాడు. కప్పు నా ముందు పెట్టేటప్పుడు పిడి నావైపు తిప్పి పెడతాడు. నిద్రలో నేను దగ్గబోతే మెలకువ వచ్చేసరికి వేడినీళ్ళు చేతిలో పెడతాడు. ఇప్పుడు కూడా స్కూలు గేటు బయట ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంటాడు, లోపలికి ఏజెంటుని తప్ప రానివ్వరుగా. నా కళ్ళజోడు కూడా ఆయన జేబులోనే ఉండిపోయింది. అందుకే నల్లబల్ల మీద ఏముందో కనిపించి చావడం లేదు, ఏదో తీసివేత లెక్క, సగం చెరిపేశారు, కింద జవాబు వేశారో లేదో.

అసలు ఎవరు నిలబడమన్నారు నన్ను. బస్టాండు నిలబడమంది, అంతే. దాన్ని ఊరి బయటికి, పెద్దరోడ్డు మీదికి తోసేస్తారని విన్నప్పుడు రాత్రి అన్నం సయించలేదు. సందులు ఇరుకట, పెద్ద బస్సులు తిరగలేవట. నిజమే, తిరగలేవు, మా ఆయనే ఒకసారి వెనక్కి తీస్తూ ఇదే విత్తనాల కొట్టు రేకు ఊడగొట్టాడు. కానీ పైవూళ్ళ నుంచి దిగేవాళ్ళు ఎవరు? ఆస్పత్రికి వచ్చే బాలింత, కళ్ళకి మందు వేయించుకుని తిరిగి వెళ్ళే ముసలమ్మ, బడికి వచ్చే పిల్లలు. బస్సు దిగి రోడ్డు దాటితే ఆస్పత్రి. దాన్ని తీసుకెళ్ళి పొలాల మధ్యన పెడితే ఎండలో వానలో వాళ్ళు నడిచి రావాలి. అద్దం వెనక కూర్చుని నేను వాళ్ళ మొహాలు చూసినంత ఇంకెవరు చూశారు. కౌన్సిల్లో ఒక్క గొంతు చాలు, అడ్డం చెప్పడానికి, అని నామినేషను వేసి వచ్చాను. నోరుంటే తల కాస్తుందని ధీమా. వేసిన నాలుగోరోజుకి గొంతు బొంగురుపోయి, డాక్టరు టార్చిలైటు వేసి చూసి, కొయ్యాలన్నాడు.

వెనక్కి తీసుకుంటాను అని పలక మీద రాసి మా ఆయనకి చూపించిన పొద్దు నాకు బాగా గుర్తు. ఆయన చదివి, పలక కింద పెట్టి, కిటికీలోంచి బయటికి చూశాడు. అప్పుడు గోడ అవతలి వాటాలోంచి మా ఆడపడుచు వచ్చింది. వచ్చిందంటే, గుమ్మం దాటి లోపలికే వచ్చింది. నాతో మాట మానేసి ఎన్నేళ్ళయిందో ఆ మనిషి. పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది మా మధ్య. కారణం వింటే ఎవరైనా నవ్వుతారు. బస్టాండులో ఎవరైనా సంచి మర్చిపోతే అందులో ఏమేమున్నాయో మైకులో చదివి చెప్పడం మా పద్ధతి, అసలు మనిషి వచ్చి తీసుకుంటారని. ఒకరోజు ఒక ఆకుపచ్చ సంచి తెచ్చి ఇచ్చారు, నేను తెరిచి, ఉన్నవి ఉన్నట్టు చదివేశాను, ఒక చీర, ఒక దువ్వెన, జుట్టుకి వేసుకొను నల్లరంగు డబ్బాలు రెండు. ఆ సంచి మా ఆడపడుచుదని నాకేం తెలుసు. తీసుకోవడానికి వచ్చిన ఆవిడ మొహం చూశాక తెలిసింది. ఊళ్ళో అందరూ ఆవిడది పుట్టు నలుపు అనుకునేవాళ్ళు. ఆ రోజు నుంచి నాతో చెప్పాల్సినవన్నీ గోడకి చెప్పేది, ఇంటి వాళ్ళకి చెప్పండి, నీళ్ళ మోటారు ఆపమని.

అలాంటిది ఆ పొద్దు నేరుగా నా ఎదురుగా వచ్చి నిలబడింది. పలక తీసి చదివింది. కొంగుతో తుడిచేసింది.

"రోట్లో తల పెట్టాక రోకటికి భయపడతావా వదినా? నువ్వు నడువు, చాలు. నేను మాట్లాడతా."

వదినా అన్న ఆ మాట, అన్నేళ్ళ తర్వాత. నేను ఏడిస్తే గొంతుకి మంచిది కాదని మా ఆయన భయపడ్డాడు. ఏడవలేదు. చెప్పులు వేసుకున్నాను, అంతే.

ఆవిడ మాట్లాడింది బాబూ, ఎంత మాట్లాడిందో. ప్రతి గుమ్మం ముందూ అదే ఉపన్యాసం, నేను పక్కన దండం పెట్టుకుని నిలబడి వినాలి. మా వదినకి నోరెక్కువ, మీకు తెలుసు, నాకింకా బాగా తెలుసు. నా సంచిలో ఏముందో ఊరంతటికీ చదివి వినిపించింది. కానీ అబద్ధం చెప్పిందా? ఉన్నవాటికి ఒకటి కలపలేదు, ఒకటి దాచలేదు. సొంత ఆడపడుచని కూడా చూడలేదు. అలాంటి మనిషిని కౌన్సిల్లో కూర్చోబెడితే అక్కడ ఎవరి సంచిలో ఏముందో మీకు తెలుస్తుంది. జనం విరగబడి నవ్వేవాళ్ళు. నాకు మొదట్లో తల కొట్టేసినట్టుండేది, రెండు వీధులు తిరిగాక ఆవిడ ఎక్కడైనా ఒక ముక్క మర్చిపోతే నేనే చెయ్యి గిల్లి గుర్తుచేసేదాన్ని. తన తలరంగు సంగతి తనే ఇంటింటికీ చెప్పుకుంది నాకోసం. మనసులో దాచుకున్న మంట తీసి నాకు వండి పెట్టినట్టయింది. దానికి ఏం ఇచ్చి రుణం తీర్చుకోను.

నాకొచ్చిన చిక్కు ఇంకొకటి, నన్ను ఎవరూ గుర్తుపట్టకపోవడం. గొంతు తెలియని గడప లేదు, మొహం తెలిసిన గడపా లేదు. అద్దాల గదిలో కూర్చునేదాన్ని, ఆ అద్దానికి సగం దాకా టైముల పట్టిక అంటించి ఉండేది. చివరి వీధిలో ఒక ముసలమ్మ, నేను దండం పెడితే కిందా మీదా చూసింది. మైకమ్మ అంటే ఈవిడేనా, ఏదీ, ఒక్కమాట మాట్లాడమను, అంది. మాట్లాడకూడదని మా ఆడపడుచు చెప్తూ ఉండగానే, సరిగ్గా అప్పుడే బస్టాండు నుంచి గాలిలో నా గొంతే వచ్చింది, ప్రయాణికులకు విజ్ఞప్తి అని. నేను రిటైరయ్యేముందు అన్ని బస్సుల పేర్లూ నాచేత చదివించి రికార్డు చేసి పెట్టుకున్నారు, అదే వేస్తున్నారు రోజూ. ముసలమ్మ చెయ్యి చూపించింది, ఆవిడ అక్కడ డ్యూటీలో ఉంది, వినపడట్లా, నన్ను మోసం చేద్దామని వచ్చారా అని తలుపు వేసేసింది. మేమిద్దరం ఆ అరుగు మీదే కూలబడి నవ్వాం, ఆవిడ పైకి, నేను లోపల్లోపల. ఒక్క మాట అంటే చాలు ఆ ఓటు నాది. ఒక్క మాట. పళ్ళు బిగించి కూర్చున్నాను.

వరండాలో అధికారి ఎవరితోనో మాట్లాడుతున్నాడు, సార్, సార్ అంటున్నాడు. దొరికినట్టున్నాడు పై మనిషి. విత్తనాల కొట్టు యజమాని కూడా చెవులు రిక్కించాడు. జేబురుమాలు మడతపెడతాడు, విప్పుతాడు, మళ్ళీ మడతపెడతాడు. చిన్నప్పుడు బస్టాండులో తప్పిపోయి మా గదిలోకి వచ్చినప్పుడు కూడా ఇలాగే చొక్కా అంచు మడతపెడుతూ నిలబడ్డాడు, నీలం చొక్కా, ఒక కాలికే చెప్పు, పేరడిగితే ఏడుపు తప్ప జవాబు లేదు. అదే చదివాను మైకులో. వాళ్ళమ్మ వచ్చేదాకా నా ఒళ్ళో కూర్చుని మైకు స్విచ్చి నొక్కుతూ ఆడుకున్నాడు, రెండు బస్సుల సంగతి జనానికి సగం సగమే వినపడింది ఆ రోజు. పిన్నీ అంటాడు నన్ను ఇప్పటికీ. చెడ్డవాడు కాదు. ఆస్పత్రికి నడిచేవాళ్ళకి ఆటోలుంటాయిలే పిన్నీ అంటాడు, నిజంగానే నమ్మి అంటాడు, అదే నా బాధ.

బస్టాండులో మోగే నా రికార్డు మీద వచ్చిన ఫిర్యాదు కూడా అతను చేసింది కాదు, అతని బావమరిది తెలివి. అభ్యర్థి గొంతు ప్రభుత్వ స్థలంలో రోజంతా మోగుతుంటే అది ప్రచారం కాదా అని కాగితం పెట్టాడు. రూలు రూలే, పోలింగు అయ్యేదాకా రికార్డు ఆపెయ్యమన్నారు. విన్నరోజు మా ఆడపడుచు ఆ బావమరిది ఇంటి ముందుకు వెళ్ళి అరగంట మాట్లాడి వచ్చింది, ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు, అతను మాత్రం రెండురోజులు మా వీధిలోంచి రాలేదు. నాకు కోపం కంటే దిగులేసింది. ఇక్కడా నోరు మూయించారు, అక్కడా మూయించారు, ఇంక నేనెక్కడ ఉన్నట్టు? ఎవరికీ చెప్పకుండా ఆ సాయంత్రం బస్టాండుకి వెళ్ళి సిమెంటు బల్ల మీద కూర్చున్నాను, ఉత్త ప్రయాణికురాలిలా. బస్సు వచ్చింది, ఆగింది, కదిలింది, ఎక్కాల్సిన ఇద్దరాడవాళ్ళు నా పక్కనే కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు, వాళ్ళ బస్సు వెళ్ళిపోయింది. నేను తేరుకుని వాళ్ళ భుజం తట్టేసరికి బస్సు సందు తిరిగిపోయింది. ఒక ముసలాయన పైవూళ్ళ బస్సనుకుని కిందూళ్ళ బస్సెక్కాడు. అందరి మొహాల్లోనూ కంగారు. నా చేతులు కట్టేసినట్టనిపించింది.

అప్పుడు మొదలైంది. ముందు టీ బడ్డీ అతను కెటిలు కింద పెట్టి, పైవూళ్ళు, పైవూళ్ళు, రెండో నంబరు అని కేకేశాడు. తర్వాత పళ్ళ బుట్టావిడ. తర్వాత సామాన్లు మోసే ముసలాయన, ఆయనైతే నా వరసలోనే, గొంతు సన్నగా చేసి, ప్రయాణికులకు విజ్ఞప్తి అన్నాడు, అందరూ నవ్వారు, కానీ ఆ బస్సు ఎవరికీ తప్పిపోలేదు. మర్నాటికి ప్రయాణికులే మొదలుపెట్టారు, ఎవరికి బస్సు కనిపిస్తే వాళ్ళు లేచి పేరు చదివి చెప్పడం, పక్కవాళ్ళు అందుకుని వెనక వాళ్ళకి చెప్పడం. సిద్ధముగా ఉన్నది, సిద్ధముగా ఉన్నది, అని బడిపిల్లలు. నేనక్కడే కూర్చుని రోజూ విన్నాను, నన్ను గుర్తుపట్టనివాళ్ళు నా మాటలు ఒకరికొకరు ఇచ్చుకుంటుంటే. ఎన్నివేలసార్లో చెప్పిన ముక్కలు, ఎవరూ వింటున్నారని కూడా అనుకోలేదు నేను, గోడకి చెప్తున్నట్టు చెప్పేదాన్ని. వాళ్ళకి కంఠతా వచ్చేశాయి. ఆ సిమెంటు బల్ల మీద నాకు కలిగిన తృప్తి ఈ గెలుపులో వస్తుందా, ఏమో, రాదేమో.

ఒకటి మాత్రం ఈ ఊరికి అలవాటైపోయింది నావల్ల. నేను పలక మీద రాసి చూపిస్తే వాళ్ళూ సుద్దముక్క తీసుకుని పలక మీదే జవాబు రాసేవాళ్ళు. నా చెవులకి ఏమీ కాలేదు, పాపం, శుభ్రంగా వినపడతాయి, అని ఎంత సైగ చేసినా సరే. సైకిళ్ళు బాగుచేసే అతను ఇంటి పన్ను దగ్గర్నుంచి మురుక్కాలవ దాకా పలక రెండు పక్కలా రాసి, చోటు చాలక నా చేతిమీద రాయబోయాడు. చదువు రాని ఒకావిడ రెండు బొమ్మలు గీసింది. కొందరు గుసగుసగా మాట్లాడేవాళ్ళు, కొందరు చెవిటిదానికి చెప్పినట్టు అరిచేవాళ్ళు. నేను ఇంటికొచ్చి ఆ పలక తుడవడానికి చెయ్యి రాక మా ఆయనకిచ్చేదాన్ని. ఆయనా తుడిచేవాడు కాదు, పొద్దున్న దాకా గోడకి ఆనించి పెట్టేవాడు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగలేదు. నోరు తెరిచి ఓటెయ్యండి అని ఒక్కరిని కూడా అడగలేకపోయాను, అయినా పక్క గదిలో అన్ని కట్టలు కట్టి ఉన్నాయి నా గొడుగువి, దాదాపు సగం వార్డు. ఈ మూడు ఓట్లకీ, ఆ ఏడు ఓట్లకీ నేనెందుకింత కొట్టుకుంటున్నాను? బస్టాండు కోసం. నాకోసమైతే నాకు ఎప్పుడో చాలిపోయింది, నా కడుపు నిండిపోయింది. కానీ బాలింతలు నడవాలి కదా. దేవుడా, ఆ ఏడూ చెల్లనివ్వు, తిట్లైనా ఫరవాలేదు.

అధికారి లోపలికి వచ్చాడు. కుర్రవాడు, జలుబు చేసి ముక్కు ఎర్రగా ఉంది, పొద్దున్నుంచీ కుర్చీలో నడుం వాల్చలేదు. గాజు గుండు తీసి పక్కన పెట్టాడు. నా మొహం చూడకుండా చెప్పాడు, చెల్లవమ్మా, రాత ఏదైనా సరే ఉండకూడదట, ఒకటికి రెండుసార్లు అడిగాను. అడిగే ఉంటాడు, అంతసేపు నిలబడ్డాడు. అభ్యర్థులిద్దరూ వాటిని చూసి సంతకం పెట్టాలి, ఎవరు రాశారని మాత్రం ఊహించకూడదు, అన్నాడు. మా ఆడపడుచు కొంగు నడుముకి బిగించింది. ఎలా చెల్లవు, గొడుగు మీద ముద్ర కనపడట్లేదా, అని మొదలుపెట్టబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను. లేవబోతే బెంచీ మోకాళ్ళని వదల్లేదు. విత్తనాల కొట్టు యజమాని చెయ్యందించి లేపాడు.

కళ్ళజోడు లేదని సైగ చేశాను. మా ఆడపడుచు కాగితం అందుకుంది, తిట్టిన వాళ్ళ అంతు చూస్తానన్న మొహం పెట్టి, వీధుల్లో మాట్లాడినంత గట్టిగా చదివింది.

"వేడినీళ్ళు పుక్కిలించు. చల్లటివి ముట్టుకోకు."

ఆగిపోయింది. నావైపు చూసింది. రెండోది తీసింది, ఈసారి గొంతు తగ్గింది. డాక్టరు చెప్పినన్నాళ్ళూ మాట్లాడకు, తొందరపడి పాడు చేసుకోకు. మూడోది, నిన్న మా అమ్మ బస్సు తప్పిపోయింది, నువ్వుంటే తప్పేది కాదు. నాలుగోదాన్లో రెండే ముక్కలు, గొంతెలా ఉంది? అయిదోది, ఆ రోజు నమ్మలేదు, ఏమీ అనుకోకమ్మా. ఆరోదాన్ని మా ఆడపడుచు లోపల చదువుకుని పక్కన పెట్టేయబోతే అధికారి అన్నీ చదవాలన్నాడు, ఆవిడ చదవనంటే తనే తీసి చదివాడు, మీ ఆడపడుచుని కాస్త మెల్లిగా మాట్లాడమను, మా పసిదాని నిద్ర చెడిపోతోంది. చదివి, ముక్కు తుడుచుకునే వంకతో మొహం తిప్పుకున్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. వాళ్ళు ఆ కాగితం నాకొస్తుందనుకున్నారు. నా గొడుగు మీద ముద్ర వేశారు, ముద్ర వేసినది నా దగ్గరికే కదా చేరేది, నాతో చెప్పాలంటే రాసి చెప్పడం ఇన్నాళ్ళూ అలవాటే కదా, మరి ఒక ముక్క రాస్తే పోయిందేముంది అనుకున్నారు. నా పలక పట్టుకుని నిలబడ్డట్టే నిలబడ్డారు ఆ అట్టగోడల మధ్యన. ఒక్కళ్ళు కాదు, ఏడుగురు, ఒకరికొకరు తెలియకుండా. నన్ను ఓడించింది ఆ ముద్రలు కాదు, నా క్షేమసమాచారం అడగడం. అడిగినవాళ్ళు గెలిపించబోయి ఓడించారు. కోపం కోసం లోపల వెతుక్కున్నాను. ఎక్కడా దొరకలేదు. ఇంత ప్రేమ నేనేం చేసి సంపాదించాను, బస్సుల పేర్లు చదివాను, అంతే కదా.

విత్తనాల కొట్టు యజమాని సంతకం పెట్టాల్సిన పెన్ను పట్టుకుని నావైపు తిరిగాడు. బయట అతని మనుషులు ఇంకా తెలియక గేటు దగ్గర గోల చేస్తున్నారు.

"పిన్నీ, బస్టాండు మాట కౌన్సిలుకి వచ్చిన రోజు నాకు ఈ కాగితాలు గుర్తొస్తాయి," అన్నాడు. "అంతకంటే ఇప్పుడేం చెప్పలేను. చెప్తే అబద్ధమవుతుంది."

తల ఊపాను. అతను అలా అన్నందుకు కూడా సంతోషమే వేసింది, ఉత్త మాట ఇచ్చి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. భుజం మీద చెయ్యి వేశాను. సంతకం పెట్టాడు.

ఇంకొకటి మిగిలింది. మా ఆడపడుచు దాన్ని చేతిలోకి తీసుకుంది కానీ ఎంతకీ చదవదు. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి నోరు పెట్టుకు గెలిచిన మనిషి, పెదాలు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. కన్నీళ్ళు గడ్డం దాకా వచ్చినా తుడుచుకోలేదు. చివరికి కాగితాన్ని నా మొహానికి దగ్గరగా, నాకు అక్షరాలు ఆనేంత దగ్గరగా పట్టుకుంది. పెద్ద పెద్ద అక్షరాలు, వంకర టింకరగా, గడి దాటి, నా గొడుగు చుట్టూ తిరిగి రాసి ఉన్నాయి. ఓడిపోతే దిగులు పెట్టుకోకు. మళ్ళీ నిలబడు. మళ్ళీ నీకే వేస్తా.

నవ్వొచ్చింది నాకు. నవ్వకూడదని తెలిసి కూడా భుజాలు ఊగిపోయేలా నవ్వాను, శబ్దం లేకుండా, కళ్ళల్లోంచి నీళ్ళు కారేలా, ఆడపడుచు నన్ను పట్టుకుంది, నేను ఆవిడని పట్టుకున్నాను. నిలబడతాను తల్లీ, నువ్వెవరివో గానీ, ఖాయంగా నిలబడతాను. ఈసారి మాత్రం ఏమీ రాయకు. ఉత్త ముద్ర వెయ్యి, చాలు.